చెట్టు పక్షం, సొర పక్షం

ఫాక్స్ హిల్, నాసావు
సెప్టెంబరు 1993

థాడీ అన్నయ్యకి,

ఈ ఉత్తరం ముందు నువ్వొక్కడివే చదువుకో. తర్వాత కావాలంటే వదినకి ఇవ్వు. ముందే ఆవిడ చేతిలో పడిందంటే ఆదివారం ప్రార్థనలోపు బెథెల్ సౌండ్ ఊరు మొత్తానికి తెలిసిపోతుంది.

నాకు అయిదో నెల.

నువ్వు ఉత్తరం కింద పెట్టి సముద్రం వైపు చూస్తుంటావని నాకు తెలుసు. అవును, మళ్ళీ. ముప్పై తొమ్మిదేళ్ళకి. ముగ్గుర్ని పోగొట్టుకున్నదాన్ని కదా, ఈసారి ఎవరికీ చెప్పకుండా కడుపుని ఏప్రన్ కింద దాచుకుని, బడి వంటింట్లో కందిగింజల అన్నం వండుతూనే ఉన్నాను. మీ బావ క్లిఫ్టన్ సంగతి చెప్పక్కర్లేదు. నేను ఎక్కానంటే తన బస్సుని పెళ్ళి ఊరేగింపులా నడుపుతున్నాడు, వెనకనుంచి జనం తిట్టిపోస్తున్నారు. డాక్టరమ్మ అంతా బాగుందంది. నాకు మాత్రం భయం పోవడం లేదు.

నిన్ను ఒకటి అడగాలి. బిడ్డ బొడ్డుతాడు ఎండి రాలాక మన దీవికొచ్చే మెయిల్ బోటులో పంపిస్తాను. నాయనమ్మది, నాన్నది, నీది, నాది ఎక్కడున్నాయో అక్కడే పాతాలి, క్రీకు మొగలో మడచెట్ల గట్టున. పక్కన ఒక మడ మొక్క గుచ్చు. పోయిన ముగ్గురికీ ఆ చోటు దక్కలేదు. వీడికో దీనికో దక్కాలి. పుట్టడం ఆసుపత్రిలో పుట్టినా ఊరు మాత్రం మనదే అవ్వాలి.

ఈమధ్య నాన్న తెగ గుర్తొస్తున్నాడు. ఆటు తీసినప్పుడు మనిద్దర్నీ గట్టున కూర్చోబెట్టి, మడచెట్టు గొప్పదా సొరచేప గొప్పదా అని తగువు పెట్టేవాడు చూడు. నువ్వు చెట్టు పక్షం, నేను సొర పక్షం. సొర గుడ్లు పెట్టదు, మనలాగే కడుపున మోసి కంటుంది, దాని పిల్లకి బొడ్డు కూడా ఉంటుంది అని నేననేదాన్ని. మడచెట్టు మాత్రం, గింజని ఊరికే రాల్చేస్తుందా, కొమ్మ మీదే మొలకెత్తించి పచ్చటి కాడంత చేసి మరీ వదుల్తుంది అని నువ్వు. సొర ఎన్ని సముద్రాలు తిరిగినా కనడానికి తను పుట్టిన పాయకే వస్తుందని నేను. వచ్చి, కని, వెనక్కి చూడకుండా పోతుంది, ఆ పిల్లల్ని పెద్ద చేపల నోట పడకుండా దాచేది నా చెట్టు కాళ్ళే, నీళ్ళల్లోకి దిగిన ఆ వేళ్ళే కదే అని నువ్వు. అరుచుకుని అరుచుకుని చివరికి బురద విసురుకునేవాళ్ళం. నాన్న ఏ రోజూ ఎవర్నీ గెలిపించలేదు.

ఇప్పుడు ఈ కడుపుతో ఒకటే అనిపిస్తోంది అన్నయ్యా, గెలిచింది నేనే.

నీ చెల్లెలు
వెర్లీన్


బెథెల్ సౌండ్, దక్షిణ ఆండ్రోస్
అక్టోబరు

వెర్లీనూ,

ఉత్తరం కింద పెట్టలేదు. జేబులో పెట్టుకుని పడవెక్కాను. దారంతా నవ్వుకుంటూనే ఉన్నాను. ఇంటికొచ్చాక కూడా నవ్వు ఆగకపోతే మీ వదిన గరిటె పట్టుకుని, "ఎవతి అది?" అని అడిగింది. చెప్పక తప్పలేదు. చెప్పాక గరిటె పక్కన పడేసి ఏడ్చింది. ఇంకెవరికీ చెప్పనని బైబిలు మీద ఒట్టేసింది. ఊళ్ళో సగం మంది నన్ను ఆపి నీ ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నారు, ఎలా తెలిసిందో మరి.

కాకరాకు ఎండబెడుతోంది నీ కోసం. ఇప్పుడు తాగకూడదట, కాన్పయ్యాకే పంపుతుందట. బరువులెత్తకు. ఆ అన్నం గిన్నెలు ఇంకెవరి చేతనైనా ఎత్తించు.

నా కబురు కూడా విను. సముద్రంలో మునిగే డైవింగు పని మానేశాను. మోకాళ్ళు ఇంక మనవి కావు. క్రీకు పక్కన కొత్తగా లాడ్జి పెట్టారు కదా, అందులో పని. విదేశీ అతిథుల్ని పడవలో మోకాలిలోతు నీళ్ళకి తీసుకెళ్ళి బోన్‌ఫిష్ ఎక్కడుందో చూపించాలి. వాళ్ళు దాన్ని పట్టి, ఫోటో దిగి, మళ్ళీ నీళ్ళల్లో వదిలేస్తారు. అందుకు డబ్బులిస్తారు. నాన్న చూసుంటే మతి పోయిందని వీళ్ళ ఇంట్లో వాళ్ళకి కబురు పెట్టమనేవాడు.

గట్టు సంగతి చూద్దాంలే. ఇంకా బిడ్డే రాలేదు, బొడ్డెక్కడ రాలింది. క్లిఫ్టన్ బావ వాళ్ళమ్మకీ పెరడుంది కదా, ఆవిడ మనసులో ఏముందో కనుక్కో, పెద్దావిడ నొచ్చుకోగలదు.

అయినా నువ్వే ఆట ఆడి నువ్వే గెలిచానంటే ఎలా. ఇప్పుడు మడ కాయలు రాలే రోజులు. పోటులో పడ్డవి అడ్డంగా తేలుకుంటూ పోతున్నాయి. నెలల తరబడి పోతాయి. తర్వాత నెమ్మదిగా నిటారుగా తిరిగి, ఎక్కడ ఒడ్డు కాలికి తగిలితే అక్కడే పాతుకుంటాయి. తల్లి చెట్టుకి వాటి అడ్రసు కూడా తెలీదు. అలాగని అవి బతకడం లేదా? నాసావు ఒడ్డు కూడా ఒడ్డే కదా.

మీ అన్న
థాడియస్


ఫాక్స్ హిల్, నాసావు
డిసెంబరు

అన్నయ్యకి,

నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. గట్టు గురించి రెండు ముక్కలు రాయమంటే నాసావు ఒడ్డు గురించి పాఠం చెప్తావేంటి? క్లిఫ్టన్ వాళ్ళమ్మ పెరడంతా సిమెంటు. అందులో పాతాలంటే బిడ్డ బొడ్డుకి ముందు మేస్త్రీని పిలవాలి.

నాకు కోపమొచ్చింది, దాచుకోను. చెల్లెలు అక్కడే ఉండిపోయింది, అక్కడిదైపోయింది అనుకుంటున్నావా నువ్వు? పద్దెనిమిదేళ్ళకి వచ్చాను ఈ ఊరికి. నేను ఇక్కడ వండుతున్నాను, ఇక్కడ పడుకుంటున్నాను. ఎవరైనా ఎక్కడిదానివే అంటే బెథెల్ సౌండ్ అంటాను, అడిగిన ప్రతిసారీ. తాత వదిలిన ఉమ్మడి నేల అది. మనందరిదీ, ఏ ఒక్కరిదీ కాదు, ఎవరూ అమ్మడానికి లేదు. దానికి మన దగ్గర కాగితం లేదు, బొడ్డు పాతిన చోటే మన కాగితం. ఇది నేను నీకు చెప్పాలా?

ఇంకో మాట. మెయిల్ బోటు వంటవాడు సెడ్రిక్ మార్కెట్లో కనిపించాడు. బార్జి మీద ఏదో యంత్రాన్ని మీ క్రీకుకి లాక్కెళ్ళారని చెప్పాడు. లాడ్జి వాళ్ళదేనా? మన గట్టుకి దూరంగానే కదా పని? ఉత్తరంలో ఇది మాత్రం రాయి, మిగతా కబుర్లు లేకపోయినా పర్లేదు.

ఇక్కడ ఇల్లంతా రంగు కాగితాలూ జిగురూ. జంకనూ ఊరేగింపుకి క్లిఫ్టన్ ఈసారి తలమీద ఓడంత కిరీటం కడుతున్నాడు. తలుపులోంచి పట్టదని నేనంటే కొలిచాను పడుతుందంటాడు. ఆవు గంటలు మోగించి చూస్తుంటే కడుపులోది తాళానికి తంతోంది. ఆ తన్ను తగిలినప్పుడల్లా నాకు ఎంత ధైర్యం వస్తోందో నీకు చెప్పలేను.

వెర్లీన్


బెథెల్ సౌండ్
జనవరి 1994

వెర్లీనూ,

కోపం రావాల్సిందే, తిట్టు. కానీ నెలలు నిండినదానివి, నెమ్మదిగా తిట్టు.

సెడ్రిక్ చెప్పింది నిజమే. మొగ దగ్గర చెట్లు నరికారు. లాడ్జి బోట్లు లోపలికి రావాలంటే దారి కావాలన్నారు. ఆగస్టులో చర్చి బయట బాదం చెట్టు కింద మనవాళ్ళందరూ కూర్చున్నారు. నేల మీద కాపురం ఉన్నవాడిదే మాట కదా మన పద్ధతిలో, అందరూ నా వైపు చూశారు. నేను సరే అన్నాను. నిన్ను అడగలేదు. అడగాల్సింది. పిల్లలకి పనులొస్తాయన్నారు, నాకూ పని వచ్చింది.

నువ్వు కంగారు పడకు. పోయింది ముందు వరస. మన పూర్వీకులు మడ నరకలేదా? బొగ్గులకి నరికారు, తోళ్ళు నానబెట్టే బెరడుకి నరికారు. నాన్న చేత్తో ఎన్ని నరికాడో. నరికిన చోట మళ్ళీ రాలేదా? కాయ రాలడం, బురదలో గుచ్చుకోవడం, ఆకు వెయ్యడం, ఎవరూ నీళ్ళు కూడా పొయ్యక్కర్లేదు. నా చెట్టు సంగతి నాకు తెలుసు. నువ్వు ఒళ్ళు చూసుకో.

వదిన పాత దుప్పట్లు కోసి బొంతలు కుడుతోంది.

థాడియస్


ఫాక్స్ హిల్, నాసావు
ఫిబ్రవరి

అన్నయ్యా,

మగపిల్లాడు.

ఏడ్చాడు. నేను వింటున్నాను, నిజంగా ఏడ్చాడు. మిగతా ముగ్గురూ ఏడవలేదు, నీకు తెలుసు. నర్సు వాణ్ణి తుడిచి నా మీద పెట్టేదాకా నేను కళ్ళు తెరవలేదు, భయమేసి. తెరిచాక చూస్తే నాన్న నుదురు, నాన్న గడ్డం. అప్పటికప్పుడే నాన్న పేరే పెట్టి అమోస్ అని పిలిచేశాను. క్లిఫ్టన్ వాళ్ళ నాన్న పేరు అనుకున్నాం ముందు, పాపం నొచ్చుకోకుండానే, "ఆ మొహానికి ఇంకో పేరు ఎలా పెడతావులే" అన్నాడు.

ఇంటికి వచ్చాం. గాలీ ధూళీ సోకకుండా వాడి తల దగ్గర బైబిలు తెరిచి పెట్టాను, అత్తగారు చెప్పకముందే. వదిన పంపిన కాకరాకు తాగుతున్నాను, అంత చేదు పదార్థం పంపినవాళ్ళ మీద ప్రేమ ఎలా పుడుతుందో గానీ పుట్టింది.

బొడ్డు రాలింది. ఉతికిన చేతిరుమాల్లో చుట్టి, పౌడరు డబ్బాలో పెట్టి సెడ్రిక్ చేతికి ఇచ్చాను. బియ్యం బస్తాల మధ్య పెట్టొద్దని, తన దగ్గరే ఉంచుకోమని చెప్పాను. చొక్కా లోపల పెట్టుకున్నాడు. అందగానే మంచి ఆటు చూసుకుని పాతు. నాన్నదాని పక్కనే. పాతేటప్పుడు వాడి పేరు పైకి చెప్పు, మొగ దాకా వినపడేలా.

వాడికి ఊరుంది అన్నయ్యా. ఆ డబ్బా చేతిలోంచి వదిలాక మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాను.

వెర్లీన్


బెథెల్ సౌండ్
మార్చి

వెర్లీన్‌కి,

డబ్బా భద్రంగా అందింది. పని అయింది. నువ్వేమీ బెంగ పెట్టుకోకు. పిల్లాడు జాగ్రత్త. గాలులు ఎక్కువగా ఉన్నాయి ఇక్కడ, పడవలు తియ్యడం లేదు. బావని అడిగానని చెప్పు.

థాడియస్


ఫాక్స్ హిల్, నాసావు
ఏప్రిల్ చివర

అన్నయ్యకి,

నీ ఉత్తరం వదిన చెయ్యి పట్టుకుని రాయించిందా? మేనల్లుడు పుట్టాడంటే ఇంత ముక్క కాగితం రాస్తావా, అందులో సగం గాలి గురించి. నాన్నదానికి ఏ పక్కన పాతావు? మొక్క గుచ్చావా? పేరు పైకి చెప్పావా? ఇవన్నీ రాయాలి. నువ్వు రాస్తే నేను దాచి, వాడికి చదవడం వచ్చాక ఇస్తాను.

ఒళ్ళు బాగాలేదా? మోకాళ్ళా? వదినతో ఏమైనా పోట్లాటా?

మేం జులైలో వస్తున్నాం. పడవ పందేలప్పుడు. సెలవు పెట్టాను, బడి వాళ్ళు ఇస్తామన్నారు. వాణ్ణి ఎత్తుకుని గట్టు మీదికి తీసుకెళ్ళి, ఇదిగోరా ఇక్కడున్నావు నువ్వు అని చూపించాలి. ఇది దొరసాని వచ్చే ఏడు కదా? వీపు రెక్క చీలిన ఆడ సొర, ఏడాది విడిచి ఏడాది వచ్చి కని పోయేది. నేను అక్కడ లేకపోయినా దాని లెక్క మర్చిపోను. నేను వచ్చేసరికి దాని పిల్లలు వేళ్ళ మధ్య తిరుగుతుంటాయి. అమోస్ కాళ్ళు ఆ నీళ్ళల్లో పెడతాను. కరవవు, మన కాళ్ళ మధ్యనుంచి ఎన్నిసార్లు పోలేదు.

నీ తగువు నేను మర్చిపోలేదు. చెట్టు కాళ్ళుండీ కదలదు, సొర కాళ్ళు లేకపోయినా ఇల్లు చేరుతుంది. దీనికి జవాబు చెప్పు చూద్దాం.

వెర్లీన్


బెథెల్ సౌండ్
మే

వెర్లీన్,

మీ వదిన రాయమంటే రాస్తున్నాననుకోకు. నవంబరు నుంచీ ఆవిడ నాతో సరిగా మాట్లాడటం లేదు. "నీ చెల్లెలికి నువ్వు చెప్తావా నన్ను చెప్పమంటావా" అన్నది ఒక్కటే అడుగుతుంది.

నీ బిడ్డ బొడ్డు నేను పాతలేదు. పాతడానికి గట్టు లేదు.

చెట్లు తీసేస్తామని లాడ్జి వాళ్ళన్నారు. నేను సరే అన్నాను. తీసెయ్యడమంటే నాకు తెలిసింది కత్తితో నరకడం. మొదళ్ళు ఉంటాయి, మొదళ్ళ కింద బురద ఉంటుంది, బురదలో మన బొడ్లుంటాయి, పైన కాయలు రాలి మళ్ళీ నిలబడతాయి. పుట్టినప్పటి నుంచీ చూసింది అదే. బార్జి వచ్చిన రోజు నేను అతిథులతో పడమటి వైపు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మొగ వెడల్పుగా, నల్లగా, లోతుగా ఉంది. వేళ్ళతో సహా, బురదతో సహా తవ్వి, లాడ్జి వెనక పల్లంలో పోసి చదును చేసేశారు. నాయనమ్మదీ నాన్నదీ నీదీ నాదీ ఇప్పుడు వాళ్ళ జనరేటరు గది కింద ఉన్నాయి.

తవ్వుతామని చెప్పలేదేం అని మేనేజరుని అడిగాను. "బోటుకి లోతు కావాలి కదా థాడియస్, నీకు తెలీదా?" అన్నాడు. నాకు తెలీదా. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పడవ నడుపుతున్నవాణ్ణి, బోటుకి లోతు కావాలని నాకు తెలీదా. నేను చెట్టు గురించే ఆలోచించాను వెర్లీనూ. చెట్టుకి ఏమీ కాదు, నా చెట్టు మొండిది అనుకున్నాను. నీళ్ళ గురించి ఆలోచించలేదు.

నీకు జనవరిలో ముందు వరస అని రాశాను, అప్పటికి గట్టు పోయి నెలలైంది. కాయలు రాలాయి కదా, ఎక్కడో ఓ చోట నిలబడతాయి, నువ్వొచ్చేలోపు చిన్న గట్టయినా మళ్ళీ కడతాను, అక్కడ పాతుతాను అని నాకు నేనే చెప్పుకున్నాను. ఒక్కటీ నిలబడలేదు. బోట్లు రేపే అలకి అటూ ఇటూ కొట్టుకుని లాడ్జి ఇసకలో పడ్డాయి. పొద్దున్నే ఊడ్చేవాడు వాటిని పోగు చేసి తగలబెడతాడు.

ఆపైన నీ దొరసాని వచ్చింది.

అమావాస్య పోటుకి, తెల్లారాక. బోటు కడుగుతున్నాను. చీలిన రెక్క కనపడింది. పెద్ద కడుపుతో ఉంది. గట్టు ఉండాల్సిన చోట ఈ కొస నుంచి ఆ కొసకి తిరిగింది, మళ్ళీ తిరిగింది. పక్క పాయలో మడలున్నాయి, అటు పోవే అని అరిచాను. తెడ్డుతో నీళ్ళు కొట్టాను, అటువైపు తరమాలని చూశాను. నా పడవ చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చింది. అక్కడే కంది. ఒక్కొక్కటీ తాడు తెంపుకుని విడిపోవడం నేను చూశాను. అయిపోయాక ఎప్పటిలాగే వెళ్ళిపోయింది.

అవి మూరెడు పిల్లలు. దూరడానికి వేళ్ళ కోసం వెతికాయి. ఏమీ లేక నా పడవ నీడ కిందికి వచ్చి చేరాయి. పడవ జరిగితే అవీ జరిగాయి. తవ్విన కాలవ లోతుగా ఉంది కదా, ఎప్పుడూ లోపలికి రాని పెద్ద చేపలు ఇప్పుడు వస్తున్నాయి. కోరలున్న బర్రకుడా చేపలు అప్పటికే మొగలో నిలబడి ఉన్నాయి. నేను అలాగే కూర్చున్నాను. ఎంతసేపు కూర్చోగలను, జెట్టీ మీద నుంచి అతిథులు చేతులూపుతున్నారు. వెళ్ళాను. వాటిని అక్కడ వదిలేసి నేను పనిలోకి వెళ్ళాను. మధ్యాహ్నం వచ్చి చూస్తే పడవ కిందికి ఏదీ రాలేదు, మర్నాడు కూడా రాలేదు.

మన తగువులో నేను ఎన్నిసార్లు నవ్వానో గుర్తుందా, సొర కన్నతల్లే గానీ పెంచేది నా చెట్టని. అంత తెలిసినవాణ్ణి, ఆ చెట్టు తీసేస్తామంటే ఆ పిల్లలేమవుతాయని ఒక్కసారి అనుకోలేదు. మడ పిల్లకి ఇంకో ఒడ్డు దొరికితే దొరుకుతుంది. సొరకి ఇదొక్కటే.

మార్చిలో పని అయిందని రాసింది అబద్ధం. డబ్బా నా పెట్టెలో ఆదివారం చొక్కాల మధ్య ఉంది. రెండుసార్లు తీసుకెళ్ళి, ఎక్కడని తెలీక నీళ్ళ ముందు నిలబడి వెనక్కి తెచ్చాను. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. ఏం చెప్పినా చేస్తాను.

థాడియస్


ఫాక్స్ హిల్, నాసావు
జూన్

అన్నయ్యకి,

బడి వంటింట్లో చదివాను. అన్నం మాడింది. పిల్లలకి ఆ రోజు రొట్టె ముక్కలు పెట్టాం.

గట్టు పోయినందుకు ఏడ్చాను. దొరసాని పిల్లలకి ఏడ్చాను, వాటికి ఏడ్చిందేంటని క్లిఫ్టన్‌కి అర్థం కాలేదు. తను ఈ ఊరివాడు, ఎలా అవుతుంది. కానీ నాకు కోపం వాటికి కాదు. మోసపోయావు, సరే. యంత్రం నువ్వు నడపలేదు, సరే. "పని అయింది" అని రాశావు చూడు, దానికి.

ఆ ముక్క చదివిన రోజు నేనేం చేశానో తెలుసా? వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, చెవిలో చెప్పాను. అమోసూ, నీకు ఊరుందిరా, మామయ్య నీ చోటు చూసి వచ్చాడు అని. వాడికేం తెలుసు, నవ్వాడు. రోజూ చెప్తున్నాను అప్పటి నుంచీ. స్నానం చేయించేటప్పుడు, పాలిచ్చేటప్పుడు. ముగ్గుర్ని మట్టికిచ్చి నాలుగోవాణ్ణి దక్కించుకున్నదాన్ని, వాడితో నేను ఆడిన మొదటి మాటే అబద్ధమైంది. అది నువ్వు ఆడించావు.

నవంబరులో రాసుంటే నేను అరిచేదాన్ని. పడవెక్కి వచ్చి ఊళ్ళో అందరి ముందూ నిన్ను తిట్టేదాన్ని. అంతే కదా. ఏడ్చి, తిట్టి, ఇద్దరం కలిసి ఇంకో చోటు చూసేవాళ్ళం, నాయనమ్మ కాలంలో కూడా తుఫాన్లకి గట్లు పోలేదా. నన్ను రానివ్వలేదు నువ్వు. ఒక్కడివే కూర్చుని నాకేది మంచిదో తేల్చేశావు.

డబ్బా తిరిగి పంపించు. ఎక్కడా పాతకు. నీ వంటింటి వెనకా వద్దు, చర్చి దగ్గరా వద్దు. సెడ్రిక్ చేతికే ఇవ్వు.

వెర్లీన్


బెథెల్ సౌండ్
జూన్

వెర్లీనూ,

ఇచ్చాను. చొక్కా లోపల పెట్టుకున్నాడు, చూశాను. బోటు కనుమరుగయ్యేదాకా జెట్టీ మీదే నిలబడ్డాను.

నువ్వు వద్దని రాయకపోయి ఉంటే అడుగుదామనుకున్నాను, మన వంటింటి వెనక జామచెట్టు కింద పాతనా అని. అది కూడా తాత నేలే. నువ్వు ముందే వద్దన్నావు. నా మనసులోది నీకెప్పుడూ ముందే తెలుస్తుంది, ఆ అబద్ధం ఒక్కటి తప్ప.

పని మానేద్దామనుకున్నాను. మానలేదు. డైవింగుకి పోలేను, ఇంకేం చెయ్యను. పొద్దున్నే ఆ మొగలోంచే పడవ తీస్తాను. అతిథులు ఎంత అందమైన చోటో అంటారు. అవునంటాను.

మీ వదిన మాట్లాడుతోంది ఇప్పుడు. వానలు పడ్డాయి, నేల పీతలు అడవిలోంచి దిగాయి. పెంకులో వేయించి పెడతానంటోంది నువ్వొస్తే. రమ్మని అడిగే మొహం నాకు లేదు, ఆవిడే అడుగుతోంది.

నాన్న ఉంటే ఏమనేవాడో అనుకుంటూ ఉంటాను రోజూ.

థాడియస్


ఫాక్స్ హిల్, నాసావు
జులై

అన్నయ్యకి,

డబ్బా అందింది. నిన్న పాతేశాం.

ఇంటి యజమాని నీళ్ళ ట్యాంకు పక్కన కాస్త ఖాళీ ఉంది. అక్కడైతే ఎవరూ సిమెంటు పొయ్యరని క్లిఫ్టన్ అన్నాడు. గునపం అరువు తెచ్చాడు. చేతులు బొబ్బలెక్కాయి తనకి, ఇక్కడ పైన నాలుగు వేళ్ళ మట్టి, కింద అంతా రాయే. మన గట్టయితే నేను చేత్తో తీసేదాన్ని. యజమాని కిటికీలోంచి చూసి ఏం చేస్తున్నారని అడిగాడు. చెప్పాను. ఏమంటాడోనని భయపడ్డాను. ఆయనా మనలాగే ఇంకో దీవి నుంచి వచ్చినవాడే, లాంగ్ ఐలండ్ మనిషి, టోపీ తీసి కిటికీ దగ్గరే నిలబడ్డాడు అయిపోయేదాకా. పేరు పైకి చెప్పాను. నిద్రపోతున్న అమోస్ ఉలిక్కిపడి లేచి ఏడ్చాడు.

ఇల్లు మాది కాదు, నేలా మాది కాదు. రేపు పొమ్మంటే పోతాం. అయినా వాడికి ఇంకోసారి అబద్ధం చెప్పలేను. ఉన్నచోటే చెప్పాను.

పందేలకి వస్తున్నాం. టిక్కెట్లు తీశాడు క్లిఫ్టన్. తగువుకి కాదు వచ్చేది, ఆ ఓపిక అయిపోయింది నాకు. కోపం ఉంది, అది నాతోనే వస్తుంది, ఏమీ చెయ్యలేను. వదినని పీతలు వేయించమను. పిల్లాణ్ణి నువ్వు ఎత్తుకో, ఆడించు, పడవెక్కించు. వాడికి నీ మొహం అలవాటు కావాలి. క్రీకు వైపు మాత్రం తీసుకెళ్ళకు.

ఒక్కటి ముందే చెప్తున్నాను, అప్పుడు నొచ్చుకోకుండా. వాడు పెద్దవాడవుతాడు. ఏ వేసవిలోనో నీ దగ్గరికి వచ్చినప్పుడు, నీ పక్కనే కూర్చుని ఉండగా, ఎవరో ఒకరు అడుగుతారు, ఎక్కడివాడివిరా నువ్వు అని. ఫాక్స్ హిల్ అంటాడు. నువ్వు దిద్దకు అన్నయ్యా. బెథెల్ సౌండ్ వాడికి మేనమామ ఊరు.

వెర్లీన్